నేను గీసిన అడ్డగీతలు

ఒమన్‌లో పద్దెనిమిదేళ్ళుగా గోడలు కడుతున్నాను. ఈ పద్దెనిమిదేళ్ళలో నా అభిప్రాయం అడిగినవాడు ఒకే ఒక్కడు. అతనికి నేను తప్పు చెప్పాను. ఆ తప్పును వాళ్ళు స్టీలు రేకు మీద చెక్కించి, నాలుగు మరలు బిగించి, ఒక ఊరి చరిత్ర అని పేరు పెట్టారు. ఆ రేకు ఇంకా అక్కడే ఉంది. తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద ముందు మండాలో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

నాది జగిత్యాల దిక్కు. తాపీ పని మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఇక్కడ మా కంపెనీ రూమ్ మస్కట్ రూవిలో ఉంటుంది, పని మాత్రం ఎక్కడ పడితే అక్కడ. మూడేళ్ళ కింద ఒకరోజు ఫోర్‌మన్ వచ్చి, సూర్ పట్నం అవతల సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో పాత ఇల్లు బాగుచేయాలి, రెండు నెలల పని, సామాన్లు సర్దుకోండి అన్నాడు. పాత ఇల్లంటే ఏముంది, పడగొట్టి కట్టడమే కదా అనుకున్నాను. కాదట. పడగొట్టకుండా బాగుచేయాలట. వచ్చినవాళ్ళు చూసి ఫోటోలు దిగాలట. నాతోపాటు కడప భాయ్ కూడా వచ్చాడు. ఆయన నాకంటే పెద్దవాడు. మా కంపెనీకి రాకముందు ఇరవై ఏళ్ళు ఒమానీ ఇళ్ళల్లో డ్రైవర్‌గా చేసినవాడు కాబట్టి అరబ్బీ నీళ్ళలా మాట్లాడతాడు. ఆయన లేకపోతే ఈ కథలో సగం నాకు తెలిసేదే కాదు.

ఊరంటే ఇరవై ముప్పై గడపలు. వెనక రాళ్ళ గుట్టలు, ముందు సముద్రం, మధ్యలో ఒక సందు. ఒడ్డున ఫైబర్ పడవలు బోర్లించి ఉండేవి. వాటి మీద చేపలకు వెళ్ళేది ఎక్కువగా బంగ్లా వాళ్ళే. ఊరి కుర్రకారు సూర్‌లో గ్యాస్ ప్లాంటుకో, మస్కట్‌లో పోలీసు ఉద్యోగానికో వెళ్ళిపోయారు. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళు, మేకలు, ఎండబెట్టిన చేపల వాసన. ఆ వాసన మొదటి వారం అన్నంలోకి కూడా దిగేది, తర్వాత అలవాటైపోయింది. మాకు ఊరి చివర ఇనప క్యాబిన్ ఇచ్చారు. మంచినీళ్ళ కొళాయి సందు మధ్యలో, నీలం తలుపున్న ఒక ఇంటి పక్కన ఉండేది. రోజూ పొద్దునా సాయంత్రం అక్కడికి వెళ్ళి రెండు క్యాన్లు నింపుకునేవాళ్ళం.

మేం బాగుచేయాల్సిన ఇల్లు ఒకప్పుడు పెద్ద ఓడ నడిపిన నాఖుదాది. నాఖుదా అంటే ఓడకు పెద్ద. అతని వంశం వాళ్ళు ఎప్పుడో ఊరు విడిచారు. ముందుగదిలో, అంటే మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో, లోపలి గోడ ఒకటి నా దృష్టిలో పడింది. గోడంతా గీతలు. జానెడు నిలువు గీత, దాని మీద చిన్న అడ్డగీత. పక్కన ఇంకొకటి. అలా వరసలు వరసలుగా, మోకాలెత్తు నుంచి మనిషి చెయ్యెత్తితే అందేంత దాకా ఉన్నాయి.

నేను ఒక్క చూపుకే తెలిసిపోయిందనుకున్నాను. మా దిక్కు గోడకు గిలాబు రెండు చేతులుగా వేస్తాం. మొదటి చెయ్యి మొరటుగా కొట్టి, అది పచ్చిగా ఉండగానే తాపీ మొనతో నిలువుగా, అడ్డంగా గీతలు గీస్తాం. రెండో చెయ్యి ఆ గీతల్లోకి దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. లేకపోతే రెండేళ్ళకే పెచ్చులూడుతుంది. మా ఊళ్ళో గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇళ్ళల్లో సగం ఇళ్ళు ఆ గీతల గోడలతోనే ఏళ్ళ తరబడి నిలబడి ఉంటాయి. మొదటి చెయ్యి ఒక సెలవులో వేయిస్తారు, రెండో చెయ్యి ఇంకో సెలవులో అనుకుంటారు, ఆ సెలవు రాదు. నా ఇంటి వెనక గోడ ఇవాళ్టికీ అట్లనే ఉంది. కాబట్టి ఈ గోడను చూడగానే నాకు నవ్వొచ్చింది. సముద్రం అవతల కూడా మా ఊరి బతుకే అనుకున్నాను.

ఆ పనిని పైనుంచి చూసేవాడు ఒక తెల్లాయన. స్కాట్లాండ్ నుంచి వచ్చాడు. ఎర్రటి ముఖం, పెద్ద టోపీ, చేతిలో ఎప్పుడూ నోటుపుస్తకం. మనిషి చెడ్డవాడేం కాదు, ఆ మాట చెప్పకపోతే నేను అన్యాయం చేసినట్టు. మాతో కలిసి నేల మీద కూర్చుని చాయ్ తాగేవాడు. ఒకరోజు ఫోన్ తీసి తన ఊరి ఫోటోలు చూపించాడు. అది కూడా చేపల ఊరే. బూడిదరంగు సముద్రం, రాతి ఇళ్ళు, అన్నీ గోడ మూలను సముద్రం వైపు పెట్టుకుని పక్కకు తిరిగి నిలబడ్డాయి. గాలి తట్టుకోవడానికి అలా కట్టారని నేనే చెబితే, అవునని తెగ సంతోషపడ్డాడు. ఊరి మధ్యలో ఒక నల్లరాయి ఉంది. సముద్రం మీద పోయినవాళ్ళ పేర్లన్నీ దాని మీద చెక్కారట. అందులో తన ముత్తాత పేరు కూడా ఉందని, చిన్నప్పుడు ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదవడం నేర్చుకున్నానని చెప్పాడు. ఈ రాయి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఆ చాయ్ అయ్యాకే అతను నన్ను మజ్లిస్‌లోకి పిలిచి, గోడ చూపించి, నువ్వు పనిమంతుడివి కదా, ఇవేమిటంటావు అని అడిగాడు.

ఆ మాటకు నా ఛాతీ ఎంత ఉబ్బిందో ఇప్పుడు రాయడానికే సిగ్గేస్తుంది. ఫోర్‌మన్ పక్కనే ఉన్నాడు. అప్పటికి పదిహేనేళ్ళుగా నన్ను మనిషిగా లెక్కపెట్టని ఫోర్‌మన్‌ల జాతికంతటికీ వాడొక్కడు ప్రతినిధిలా నిలబడి ఉంటే, నాకు వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి చెప్పాను. ఇవి మేస్త్రీ గీతలు సార్, రెండో గిలాబు పట్టడానికి గీస్తాం, ఏ కారణానో రెండో చెయ్యి వేయకుండా ఆపేశారు. అతను రాసుకున్నాడు. కొన్ని గీతలకు అడ్డగీత లేదేమిటని అడిగాడు. నిజమే, అక్కడక్కడ వట్టి నిలువు గీతలు ఉన్నాయి. నేను నవ్వి, అక్కడ మేస్త్రీ బద్ధకించాడు సార్ అన్నాను. అతనూ నవ్వాడు. అదీ రాసుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, ఇంజనీర్లు కూడా నన్నే అడుగుతున్నారని మా ఆవిడకు చెప్పాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. గోడను అలాగే వదిలేయాలి, పాతకాలం పనితనం చూపించడానికి ఉంచుతాం అని చెప్పి ఆయన మస్కట్ వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ వట్టి నిలువు గీతలు కంట్లో నలుసులా తగులుతూనే ఉన్నాయి. నలుగురూ చూసే గోడ, ఎవడో సగంలో వదిలేసిన పనికి చెడ్డపేరు నాకు వస్తుంది. ఫోర్‌మన్‌ను అడిగితే, నీట్‌గా ఉంటుందంటే చెయ్యి అన్నాడు. రెండు వారాలు చూసి, ఒక శుక్రవారం ముందురోజు మధ్యాహ్నం మేకు పట్టుకుని, పాత గీతల కొలత చూసి, అడ్డగీత లేని ప్రతి నిలువు గీతకూ అడ్డగీత గీశాను. మొత్తం పదకొండు. ఒకటి కిటికీ పక్కన ఉంది, దాని చివర వంకర తిరిగి ఉంది. పని నేర్చుకునేవాడి చెయ్యి ఇది అనుకుని, దానికి కూడా తిన్నగా అడ్డగీత పెట్టాను. పని బాగా వచ్చిందని వెనక్కి జరిగి చూసుకున్నాను కూడా.

మర్నాడు శుక్రవారం పొద్దున, సెలవే అయినా, సామాన్లు లోపల పెడదామని నేనూ భాయ్ అక్కడికి వెళ్ళాం. తలుపు దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది. నల్లటి పల్చటి వస్త్రం తల మీద నుంచి కప్పుకుంది. కర్ర లేదు కానీ గోడ పట్టుకుని నడుస్తోంది. సందులో అప్పుడప్పుడు చూసిన మనిషే. ఊళ్ళో అందరూ ఆమెను ఉమ్మీ అంటారు, అంటే అమ్మా అని. ఆమె మమ్మల్ని తోసుకుని లోపలికి వెళ్ళి, నేరుగా కిటికీ పక్కకు పోయి, చెయ్యి పైకెత్తింది. ఎత్తిన చెయ్యి గోడను తాకకుండానే ఆగిపోయింది. నేను గీసిన గీతలు తెల్లగా మెరుస్తున్నాయి, కొత్తవి కదా.

గోడ ముట్టుకుంటుందేమోనని నేను గట్టిగా అరిచాను. ముట్టుకోవద్దు, ఇది కంపెనీ పని అని. ఆమె నా వైపు తిరగలేదు. భాయ్ వైపు తిరిగి అరబ్బీలో ఏదో అడిగింది.

"ఏమంటుంది భాయ్?"

"వాళ్ళ నాయన ఎప్పుడొచ్చినాడు అని అడుగుతాంది మేస్త్రీ."

నాకు అర్థం కాలేదు. భాయ్ ఆమెను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, మెల్లగా అడిగి తెలుసుకున్నాడు. ఆమె చెబుతుంటే ఆయన నాకు చెబుతూ పోయాడు. అప్పటిదాకా నేను సరిగ్గా చూడని ఊరు ఆ గంటలో నా కళ్ళ ముందు నిలబడింది.

ఆ ఊరు మొదట నాలుగు కుటుంబాలతో మొదలైందట. ఒడ్డున పడే చిన్న చేపల్ని ఎండబెట్టి, లోపలి ఊళ్ళ నుంచి వచ్చే ఒంటెలవాళ్ళకిచ్చి, ఖర్జూరం తీసుకునేవాళ్ళు. తర్వాత నాఖుదా ముత్తాత ఓడ కట్టించాడు. చలిగాలి మొదలవగానే ఉప్పుచేపా ఖర్జూరమూ ఎక్కించుకుని ఆఫ్రికా వైపు వెళ్ళేవాళ్ళు. ఎండలు ముదిరేలోగా, గాలి ఇటు మళ్ళగానే దాన్ని పట్టుకుని తిరిగొచ్చేవాళ్ళు. మధ్యలో ఆరు నెలలు ఊళ్ళో మగదిక్కు ఉండేది కాదు. ఆడవాళ్ళే వలలు బాగుచేసేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, చచ్చినవాళ్ళను వాళ్ళే పూడ్చేవాళ్ళు. ఓడ బయల్దేరే రోజు ప్రతి మనిషీ ఈ గదిలోకి వచ్చి, ఓడ మేకుతో గోడ మీద ఒక నిలువు గీత గీసి వెళ్ళాలి. తిరిగొచ్చాక, ఇంటికి పోకముందే ఇక్కడికొచ్చి, తన గీతకు తానే అడ్డగీత పెట్టాలి. ఆ అడ్డగీత పడ్డాకే భార్యకు కబురు. ఒకరి గీతకు ఇంకొకరు అడ్డగీత పెట్టకూడదు. అన్న గీతకు తమ్ముడు పెట్టకూడదు, నాఖుదా కూడా పెట్టకూడదు. రానివాడి గీత అలాగే ఉండిపోవాలి.

పదకొండు మంది. నేను లెక్కపెట్టి మరీ గీశాను.

కిటికీ పక్కన వంకర గీత వాళ్ళ నాన్నది. అప్పుడు ఆమెకు ఐదో ఆరో ఏళ్ళు. నాన్న ఆమెను ఎత్తుకుని, ఆమె చేతిలో మేకు పెట్టి, ఆ చెయ్యి తన చేత్తో పట్టుకుని గీయించాడు. చివర్లో ఆమె చెయ్యి జారింది. అందుకే వంకర. ఆ ఏడాది వచ్చిన ఓడలో ఆయన లేడు. ఆయనకు సమాధి లేదు, ఫోటో లేదు. ఆయన వాడిన వస్తువేదీ మిగల్లేదు. అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం ఆమె వచ్చి ఆ వంకర మీద వేలు పెట్టి వెళ్తుంది. ఎప్పుడో పెళ్ళై సూర్ వెళ్ళిన రోజుల్లో తప్ప ఒక్క శుక్రవారం మానలేదట.

పని నేర్చుకునేవాడి చెయ్యి అనుకున్నాను నేను. మేస్త్రీ బద్ధకించాడని నవ్వాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భాయ్ తల దించుకుని కూర్చున్నాడు, ఆయన తప్పేం లేకపోయినా. ఆ అడ్డగీతలు గీసింది నేనేనని ఆమెకు చెప్పించాను. తెలియక చేశానని కూడా చెప్పించాను. తెల్లాయనకు ఏం చెప్పానో మాత్రం చెప్పలేదు. భాయ్ నా ముఖం చూశాడు కానీ ఆయనా చెప్పలేదు. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ముందు ఫోర్‌మన్‌కు చెప్పాను. వాడు నెత్తి బాదుకుని, సాహెబ్‌కు ఈ మాట చెప్పొద్దు, రెండ్రోజుల్లో గోడకు మట్టిరంగు నీళ్ళు కొట్టేస్తాం, కొత్తా పాతా ఒకటైపోతాయి, ఎవడికీ తెలియదు అన్నాడు. నిజంగా అంతే అయ్యేది. రంగు పడితే పదకొండు మందీ తిరిగొచ్చినవాళ్ళల్లో కలిసిపోతారు. ఇక ఎవరు రాలేదో వెతికినా దొరకదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రంగు డబ్బా తీసుకుపోయి మా క్యాబిన్‌లో నా మంచం కింద పెట్టుకున్నాను. కావాలంటే నా మీద కంప్లయింట్ రాసుకోమన్నాను.

తెల్లాయన ఆదివారం వచ్చాడు. నేను భాయ్‌ను వెంటబెట్టుకుని ఎదురెళ్ళి అంతా చెప్పాను. మొదట అతను వినలేదు, గోడ దగ్గరికి పరిగెత్తాడు. నేను గీసిన గీతలు చూసి, ఎవరి పర్మిషన్‌తో చేశావని ముఖం ఇంకా ఎర్రగా చేసుకుని అరిచాడు. అరవనీ, అది నాకు దక్కాల్సిందే. వాటిని వెంటనే సరూజ్‌తో పూడ్చేయమన్నాడు. సరూజ్ అంటే మట్టిని కాల్చి పొడి చేసి కలిపే ఇక్కడి పాతకాలపు గార. సరే, అదీ మంచిదే.

తర్వాత అసలు సంగతి అడిగాను. మరి మీరు రాసుకున్నది దిద్దుతారు కదా సార్ అని.

అతను నోటుపుస్తకం అంచును గోటితో గీకాడు. రిపోర్ట్ ఎప్పుడో పంపించేశానన్నాడు. బోర్డు కూడా తయారైపోయిందట. ప్రారంభానికి పెద్దవాళ్ళు వస్తున్నారు, తేదీ మారదు. ఒక ముసలామె జ్ఞాపకం మీద ఆధారపడి మార్చలేం, ఇంకెక్కడా ఇలాంటి ఆచారం రాసి లేదు, నిర్ధారించుకోవాలి, తర్వాతి దశలో చూద్దాం అన్నాడు. తర్వాతి దశ అనే మాట నేను ఈ దేశంలో జీతం గురించి విన్నాను, సెలవు గురించి విన్నాను. చచ్చినవాళ్ళ గురించి అదే మొదటిసారి.

"సార్, నా మాట మీరు ఎక్కడ నిర్ధారించుకున్నారు?" అని అడిగాను.

నువ్వు పనిమంతుడివి కదా, నువ్వు చెప్పింది పుస్తకాల్లో ఉన్న పద్ధతికి సరిపోయింది అన్నాడు. అప్పుడు అడిగాను, మీ ఊరి నల్లరాయి మీద మీ ముత్తాత పేరు చూసి, ఎవడో పరాయి ఊరి మేస్త్రీ వచ్చి, ఇవి రాయి గరుకు చేయడానికి కొట్టిన గాట్లు అంటే మీరేం చేస్తారని. తెలుగులో అడిగాను, భాయ్ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. భాయ్ ఏమీ మెత్తబరచలేదు, ఆ విషయంలో ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. తెల్లాయన ముఖంలో రంగు పోయింది. ఐ యామ్ సారీ అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. కానీ బోర్డు మార్చలేదు. ఏడ్చి కూడా మార్చనివాడి మీద నాకు ఫోర్‌మన్ మీద కంటే ఎక్కువ కోపం వచ్చింది. ఫోర్‌మన్‌కు ఆ గీతల విలువ తెలియదు. ఇతనికి తెలుసు.

మర్నాడు భోజనాల వేళ ఊరివాళ్ళతో కబురు పెట్టి ఆమెను పిలిపించాం. గచ్చు మీద గోనె వేసి కూర్చోబెడితే కూర్చోలేదు, గోడ పక్కనే నిలబడింది. నేను సరూజ్ మెత్తగా కలిపి, చిన్న చెంచా వెనక భాగంతో ఒక్కో అడ్డగీతనూ పూడుస్తూ పోయాను. ప్రతి గీత దగ్గరా ఆమె ఒక పేరు చెప్పింది. అందరి పేర్లూ తెలుసు ఆమెకు, ఎవరి కొడుకో, ఏ ఓడో. ఒకచోట ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్కనే ఉన్నారు. తమ్ముడు వచ్చాడు, అన్న రాలేదు. నాకు ఆ పేర్లు నోరు తిరగలేదు కానీ ప్రతి పేరుకూ తలూపి ముందుకెళ్ళాను. కిటికీ పక్కది చివరికి ఉంచాను. అది నేను పూడ్చబోతే ఆమె నా చేతిలోంచి చెంచా తీసుకుంది. తనే వేలితో గార తీసి, అడ్డగీతలోకి నొక్కి, అరచేత్తో చదును చేసింది. మేస్త్రీ పని లెక్కన చూస్తే అది ఎగుడుదిగుడుగా ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు.

రంగు నీళ్ళు తర్వాత కొట్టాం. ఇప్పుడు ఆ గోడ మీద పదకొండు గీతలు మళ్ళీ ఒంటరిగానే ఉన్నాయి. దగ్గరికెళ్ళి వేలితో తడిమితే నా మేకు దారి ఇంకా తెలుస్తుంది. గాటు పడ్డాక పూడ్చగలం కానీ పడనట్టు చేయలేం, ఆ సంగతి ఏ మేస్త్రీకైనా తెలుసు.

ప్రారంభం రోజు మమ్మల్ని యూనిఫాం కడిగి వేసుకోమన్నారు, కానీ ఇంటి దగ్గరికి రావద్దన్నారు. ఫోటోల్లో పడతామని. మేం కొళాయి దగ్గర నీడలో కూర్చున్నాం. పెద్ద కార్లు వచ్చాయి, ఖర్జూరం, హల్వా, కాఫీ, చప్పట్లు. తెల్లాయన సూటు వేసుకుని మాట్లాడాడు. ఎవరో మమ్మల్ని చూసి, లోపలున్న వాళ్ళకు నీళ్ళ బాటిళ్ళు మోయమన్నారు. గంటన్నరలో అంతా అయిపోయి కార్లు వెళ్ళిపోయాయి. ఊరివాళ్ళు ఒకళ్ళిద్దరు లోపలికి తొంగిచూసి వచ్చారు.

నేను కుర్చీలు ఎత్తడానికి లోపలికి వెళ్ళేసరికి ఆమె అక్కడే ఉంది. గోడకు ముందు ఎర్ర తాడు కట్టారు, ముట్టుకోకుండా. తాడు ఇవతల నిలబడి, పక్కన బిగించిన స్టీలు రేకును చూస్తోంది. ఆమెకు చదవడం రాదు. రెండు భాషల్లో రాసి ఉంది. కింద ఉన్న ఇంగ్లీషు నేను కూడబలుక్కుని చదవగలను.

రేకు మీద వేలు పెట్టి, ఏం రాశారని అడిగింది. అంత అరబ్బీ నాకు వచ్చు. మా గురించి రాశారా, మా నాన్న గురించి రాశారా అని కూడా అడిగింది. భాయ్ బయట సామాన్లు లారీకి ఎక్కిస్తున్నాడు. పిలవాలనిపించలేదు.

అబద్ధం చెప్పొచ్చు. అవును, ఓడ మీద వెళ్ళి రానివాళ్ళ గీతలు ఇవి అని రాసి ఉంది అంటే నమ్మేది. ఎన్నాళ్ళు నమ్మేది? రేపో మాపో ఎవడో చదివి చెబుతాడు, అప్పుడు మళ్ళీ నా మాటే అబద్ధమవుతుంది. నాకు వచ్చిన అరబ్బీ, హిందీ, చేతులు అన్నీ కలిపి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇవి గోడ కట్టినవాళ్ళ గీతలని రాశారు. రెండో గిలాబు పట్టుకోవడానికట. అడ్డగీత లేనిచోట పనివాడు అలసిపోయి వదిలేశాడని రాశారు.

ఆమె అర్థం చేసుకోవడానికి కొంచెంసేపు పట్టింది. మళ్ళీ అడిగింది, నేను మళ్ళీ చెప్పాను. మూడోసారి అడగలేదు.

"ఎవరు చెప్పారు వాళ్ళకు?" అంది.

ఆ మాట అడుగుతుందని నాకు తెలుసు. నాలుగు వారాలుగా తెలుసు. ఎవరో తెలియదని చెప్పొచ్చు, సాహెబ్ అని చెప్పొచ్చు. నా చేతిలో మడిచిన కుర్చీ ఉంది, దాన్ని కింద పెట్టాను.

"అనా," అన్నాను. నేను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నా యూనిఫాం మీద కంపెనీ పేరు, చెప్పుల మీద సిమెంటు, అన్నీ చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు, లేదా నాకు కనిపించలేదు.

"నిన్ను అడిగారా?" అంది.

అవునన్నాను. ఆమె తాడు మీదుగా కిటికీలోంచి బయటికి చెయ్యి చాపింది.

"నా తలుపు అదిగో," అంది.

చూశాను. సందు మధ్యలో, కొళాయి పక్కన నీలం తలుపు. ఆ ఇంట్లో ఉండేది ఆమేనని నాకు అప్పుడు తెలిసింది. నేను ఆ గోడ దగ్గర నిలబడి చరిత్ర చెప్పిన చోటు నుంచి లెక్కపెడితే ముప్పై అడుగులుండవు. నోటుపుస్తకం పట్టుకున్నవాడు ఆ ముప్పై అడుగులు నడవలేదు. సరే, వాడు పరాయివాడు, వాడి కారు అటువైపు ఆగేది. నేను మాత్రం రెండు నెలలు రోజుకు రెండుసార్లు ఆ తలుపు ముందు నిలబడి నీళ్ళు పట్టుకున్నాను. క్యాన్ నిండేదాకా ఖాళీగానే ఉండేవాణ్ణి. ఒక్కసారైనా తలుపు తట్టి, అమ్మా, ఆ గోడ మీద గీతలేమిటని నేనూ అడగలేదు.